వాచ్‌డాగ్ టైమర్ సరిగ్గా పెట్టడం ఎలా: ప్రాక్సీ హాజరు చెల్లని పద్ధతి

"వాచ్‌డాగ్ ఎనేబుల్ చేశాను సార్, అయినా సైట్‌లో బోర్డు హ్యాంగ్ అవుతోంది." ఈ మాట నాకు తరచూ వినపడుతుంది. వాచ్‌డాగ్ అంటే చిప్‌కి కాపలా కాసే టైమర్. కోడ్ గడువులోగా దానికి 'బతికే ఉన్నాను' అని సంకేతం ఇవ్వాలి, దీన్నే ఫీడ్ అంటాం. అందకపోతే అది చిప్‌ని రీసెట్ చేస్తుంది. అడిగేవాళ్లలో అమీర్‌పేటలో కోర్సు చేసి నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరినవాళ్లున్నారు, చర్లపల్లిలో ఏళ్ల తరబడి కంట్రోలర్ బోర్డులు చేస్తున్నవాళ్లూ ఉన్నారు. కోడ్ పంపమని చూస్తే చాలాసార్లు ఒకటే కథ. టైమర్ ఇంటరప్ట్‌లో (అసలు పనిని మధ్యలో ఆపి ఠంచనుగా నడిచే చిన్న కోడ్‌లో) ఒక లైను ఉంటుంది, వాచ్‌డాగ్‌కి ఫీడ్ అక్కడే.

ఇంజినీరింగ్ కాలేజీలో ప్రాక్సీ కొట్టడం మనకు తెలియనిది కాదు. మనిషి క్యాంటీన్‌లో ఉంటాడు, రిజిస్టర్‌లో మాత్రం ప్రెజెంట్. ఇంటరప్ట్‌లో ఫీడ్ చేయడం అచ్చంగా అదే. మెయిన్ లూప్ (అసలు పని చేసే కోడ్) చచ్చిపోయినా ఇంటరప్ట్ కొడుతూనే ఉంటుంది, వాచ్‌డాగ్ అంతా బాగుందనుకుంటుంది.

నేనూ చేశాను ఈ తప్పు. నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్‌కి సంపు నుంచి పై ట్యాంకుకి నీళ్లెక్కించే కంట్రోలర్ పెట్టాను. తెల్లవారుజామున వాచ్‌మన్ అన్న ఫోను: "సార్, ట్యాంకు పొర్లుతున్నది, మోటర్ బంద్ అయితలేదు." కాంటాక్టర్ (మోటరుకి కరెంటు ఇచ్చే పెద్ద రిలే) ఆన్ అయినప్పటి నాయిస్‌కి ఐ2సీ బస్సు (సెన్సార్‌తో మాట్లాడే రెండు తీగల దారి) బిగుసుకుపోయింది. కోడ్ "జవాబు వచ్చేదాకా ఆగు" అన్న లూపులో ఇరుక్కుంది. టైమర్ ఇంటరప్ట్ మాత్రం రాత్రంతా నిష్ఠగా ఫీడ్ చేసింది. టాంకర్ నీళ్లు కొనే కాలనీలో సంపు నీళ్లన్నీ డ్రైనేజీ పాలైతే సెక్రటరీ గారు ఏమన్నారో ఇక్కడ రాయను.

ఆ కంట్రోలర్నే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. చిప్ ఎస్‌టీఎం32ఎఫ్103. మీది వేరే చిప్ అయినా వరుస ఇదే.

## 1. కోడ్ ముట్టుకోకముందు కాగితం పని

ముందు బోర్డు చేసే పనులన్నీ రాయండి. ఒక్కో పని ఎంతసేపటికోసారి జరగాలి, ఎంత ఆలస్యమైతే ప్రమాదం అన్నది పక్కనే వేయండి. నా కంట్రోలర్‌కి వేసుకున్నది ఇది:

- నీటి మట్టం చదవడం: 200 మిల్లీసెకన్లకోసారి, గడువు 1 సెకను
- మోటరు ఆన్, ఆఫ్ నిర్ణయం: 100 మిల్లీసెకన్లకోసారి, గడువు 500 మిల్లీసెకన్లు
- డిస్‌ప్లే: గడువు 2 సెకన్లు
- మోడెమ్: గడువు 90 సెకన్లు

మోడెమ్‌కి అంత గడువు ఎందుకంటే, నెట్‌వర్క్ సరిగా లేని సెల్లార్‌లో సర్వర్ కనెక్షన్‌కి నిమిషం దాకా పట్టొచ్చు. అది హ్యాంగ్ కాదు, దాని నైజం.

ఇక ఒక్కో చుట్టు ఎంతసేపు పడుతోందో కొలవండి. ఖాళీగా ఉన్న ఒక పిన్నును లూపు మొదట్లో హై, చివర్లో లో చేసి లాజిక్ ఎనలైజర్‌తో చూడండి. బల్ల మీద అంతా బాగున్నప్పటి కొలత మనకు అక్కర్లేదు. సెన్సార్ వైరు పీకి, సిమ్ తీసేసి, ఫ్లాష్‌లో రాస్తున్న సమయంలో కొలవండి. ఎస్‌టీఎం32ఎఫ్4 వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి: అందులో 128 కేబీ సెక్టార్ ఒకటి చెరపడానికి సెకను నుంచి రెండు సెకన్లు పడుతుంది, తక్కువ వోల్టేజీలో ఇంకా ఎక్కువ. కోడ్ అదే ఫ్లాష్ నుంచి నడుస్తుంటే అంతసేపూ సీపీయూ నిలబడిపోతుంది.

## 2. లోపలి వాచ్‌డాగా, బయటిదా?

ఎస్‌టీఎం32లో రెండున్నాయి. ఐడబ్ల్యూడీజీ (ఇండిపెండెంట్ వాచ్‌డాగ్) తన సొంత ఎల్‌ఎస్‌ఐ క్లాకు (చిప్ లోపలి నిదానపు క్లాకు) మీద నడుస్తుంది, మెయిన్ క్రిస్టల్ పోయినా ఆగదు. డబ్ల్యూడబ్ల్యూడీజీ (విండో వాచ్‌డాగ్) ఏపీబీ1 క్లాకు (మెయిన్ క్లాకు నుంచి వచ్చేది) మీద నడుస్తుంది. ఆలస్యంగా ఫీడ్ చేసినా, మరీ తొందరగా ఫీడ్ చేసినా రీసెట్ చేస్తుంది. అయితే 36 మెగాహెర్ట్జ్ దగ్గర దాని గరిష్ఠ గడువు దాదాపు 58 మిల్లీసెకన్లే. నీళ్ల మోటరు లాంటి నిదానపు పనికి నేను ఐడబ్ల్యూడీజీ వాడతాను.

మనుషుల ప్రాణంతోనో ఖరీదైన యంత్రంతోనో ముడిపడ్డ పనైతే బయటి చిప్ తప్పనిసరి. బోర్డు మీదున్న చిప్ పూర్తిగా పిచ్చెక్కితే దాని లోపలి వాచ్‌డాగ్‌ని నమ్మలేం. టీపీఎస్3823 లాంటి చిప్ సుమారు 1.6 సెకన్లలో ఫీడ్ అందకపోతే రీసెట్ లైను లాగుతుంది. కొనేముందు డేటాషీట్‌లో ఒక సంగతి వెతకండి. కొన్ని చిప్‌లలో డబ్ల్యూడీఐ పిన్ను (ఫీడ్ అందుకునేది) గాల్లో వదిలేస్తే వాచ్‌డాగ్ పనిచేయడం మానేస్తుంది. టీపీఎస్3823 అలాంటిదే. అంటే మీ పిన్ను ఇన్‌పుట్‌గా మారి ఉండిపోతే కాపలా కూడా నిద్రపోతుంది.

బయటి చిప్ పెడితే రీసెట్ లైను మధ్యలో ఒక జంపర్ పెట్టండి. లేకపోతే ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు అది మధ్యలో రీసెట్ కొట్టి విసిగిస్తుంది.

## 3. రీసెట్ అయిన క్షణాన రిలే ఎక్కడుంటుంది?

ఈ మెట్టు దాటేసి నేరుగా కోడ్‌లోకి దూకుతారు చాలామంది. రీసెట్ అయిన వెంటనే జీపీఐఓ పిన్నులు (మనం కోడ్‌తో నడిపే మామూలు పిన్నులు) ఇన్‌పుట్‌లుగా, గాల్లో వేలాడుతూ ఉంటాయి. రిలే నడిపే ట్రాన్సిస్టర్ బేసుకి, మాస్‌ఫెట్ అయితే గేటుకి, 10 కిలోఓమ్‌ల పుల్‌డౌన్ (గ్రౌండ్‌కి లాగే రెసిస్టర్) ఉంటే రిలే పడిపోతుంది, మోటరు ఆగుతుంది. అది లేకపోతే ఏమవుతుందో మీ అదృష్టం.

లాచింగ్ రిలే వాడుతుంటే ఇంకో చిక్కు. అది రీసెట్‌కి పడిపోదు, ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి బూట్‌లో మొట్టమొదటి పనిగా ఆఫ్ పల్సు ఇవ్వాలి.

రీసెట్ అయ్యేది మైక్రోకంట్రోలర్ ఒక్కటే. ఐ2సీ సెన్సార్ అవ్వదు, మోడెమ్ అవ్వదు. సెన్సార్ డేటా లైనుని కిందికి పట్టుకుని కూర్చుంటే మీరు వందసార్లు రీసెట్ అయినా అది వదలదు. అందుకే బూట్‌లో ఐ2సీ మొదలుపెట్టే ముందు క్లాకు లైనుని మామూలు పిన్నులా తొమ్మిదిసార్లు కొట్టి, ఒక స్టాప్ ఇవ్వండి. మోడెమ్ పవర్‌కి వేరే స్విచ్చు పెట్టండి. వంద రూపాయల లోపు ఖర్చుకి కక్కుర్తి పడితే తర్వాత బండేసుకుని సైట్‌కి పరుగెత్తాలి.

## 4. గడువు లెక్క

మరీ చిన్న గడువు పెడితే మామూలు ఆలస్యానికే రీసెట్. మరీ పెద్దది పెడితే దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

ఎఫ్103లో ఎల్‌ఎస్‌ఐ క్లాకు పేరుకి 40 కిలోహెర్ట్జ్. డేటాషీట్ ప్రకారం 30 నుంచి 60 దాకా ఎంతైనా ఉండొచ్చు. లెక్క ఇలా వేయాలి:

- ప్రీస్కేలర్ (క్లాకుని భాగించే సంఖ్య) 64, రీలోడ్ విలువ (ఎక్కడి నుంచి సున్నాకి లెక్కించాలో ఆ సంఖ్య) 2499. అంటే 2500 గణనలు.
- 40 కిలోహెర్ట్జ్ దగ్గర సెకనుకి 625 గణనలు, గడువు 4 సెకన్లు.
- 60 దగ్గర గడువు 2.67 సెకన్లకు తగ్గిపోతుంది.
- 30 దగ్గర 5.33 సెకన్లు.

మీరు డిజైన్ చేయాల్సింది 2.67కి. ఫీడ్‌ల మధ్య ఎట్టి పరిస్థితుల్లోనూ 2 సెకన్లు దాటకూడదు. అదే సమయంలో 5.33 సెకన్లపాటు మోటరు అదుపు తప్పినా కొంప మునగదని తేల్చుకోవాలి. మే నెలలో టెర్రస్ మీద రేకు డబ్బాలో ఉన్న బోర్డుకి, బల్ల మీద ఏసీలో ఉన్న బోర్డుకి క్లాకు ఒకేలా ఉండదు.

బ్యాటరీ మీద నడిచే బోర్డులకు ఇంకో మాట. ఎఫ్103లో ఐడబ్ల్యూడీజీ ఒకసారి మొదలైతే రీసెట్ తప్ప ఏదీ ఆపలేదు, స్టాప్ మోడ్ అనే నిద్రలోనూ నడుస్తూనే ఉంటుంది. పేరుకి దాని గరిష్ఠ గడువు 26 సెకన్లు. గంట నిద్రపోవాలంటే ఆర్‌టీసీతో (చిప్‌లోని గడియారంతో) మధ్యమధ్యలో లేచి ఫీడ్ చేసి మళ్లీ పడుకోవాలి.

## 5. బూట్‌లో ఏది ముందు, ఏది వెనక

1. రిలే ఆఫ్. ఇంకేదైనా దీని తర్వాతే.
2. రీసెట్ కారణం చదివి దాచుకోండి. ఆర్‌సీసీ సీఎస్‌ఆర్ రిజిస్టర్‌లో జెండాలుంటాయి (ఫ్లాగులు, ఏ రీసెట్ జరిగిందో చెప్పే బిట్లు). చదివాక ఆర్‌ఎంవీఎఫ్ బిట్‌తో తుడిచేయండి. తుడవకపోతే తర్వాతెప్పుడో రీసెట్ బటన్ నొక్కినా పాత వాచ్‌డాగ్ జెండా అలాగే కనపడొచ్చు.
3. వరుస రీసెట్ల లెక్క చూడండి (దీని సంగతి 8లో).
4. వాచ్‌డాగ్ మొదలుపెట్టండి.
5. ఆ తర్వాతే సెన్సార్, డిస్‌ప్లే, మోడెమ్.
6. చివర్లో టాస్కులు (ఒక్కో పనికి ఒక్కో కోడ్ ముక్క).

రెండో మెట్టులో ఒక ఉచ్చు ఉంది. ఎఫ్103లో లోపలి రీసెట్ ఏది జరిగినా రీసెట్ పిన్ను కూడా కిందికి లాగబడుతుంది, కాబట్టి పిన్ను రీసెట్ జెండా దాదాపు ఎప్పుడూ ఎగిరే ఉంటుంది. ముందు ఐడబ్ల్యూడీజీ జెండా చూడండి, పిన్ను జెండా ఆఖర్న.

నాలుగో మెట్టు అయిదుకి ముందే ఎందుకంటే, హ్యాంగ్ అయ్యేది ఎక్కువగా ఆ అయిదులోనే. అన్నీ సర్దుకున్నాక వాచ్‌డాగ్ పెడదామంటే సర్దుకోవడంలోనే బోర్డు ఇరుక్కుంటుంది.

రిజిస్టర్లతో నేరుగా పనిచేసేవాళ్లకి: ముందు కీ రిజిస్టర్‌లో హెక్స్ సీసీసీసీ రాయండి, దాంతో ఎల్‌ఎస్‌ఐ కూడా నడక మొదలెడుతుంది. తర్వాత 5555 రాసి తాళం తీసి, ప్రీస్కేలర్, రీలోడ్ పెట్టండి. స్టేటస్ రిజిస్టర్ సున్నా అయ్యేదాకా ఆగి, ఏఏఏఏ రాయండి. ఎల్‌ఎస్‌ఐ నడవకముందే స్టేటస్ కోసం ఎదురుచూస్తే అక్కడే కూర్చుంటారు. హ్యాంగ్ ఆపే కోడే హ్యాంగ్ అవుతుంది.

## 6. హాజరు పట్టీ

ఒక్కో టాస్క్ తన చుట్టు పూర్తయ్యాక హాజరు వేయాలి. మొదట్లో కాదు, పని అయ్యాక. ఫీడ్ చేసేది సూపర్‌వైజర్ అనే టాస్క్ ఒక్కటే, అదీ అందరూ హాజరైతేనే. మొత్తం కోడ్‌లో ఫీడ్ లైను వెతికితే ఒక్కచోటే దొరకాలి. కింద టిక్ అంటే బోర్డు మొదలైనప్పటి నుంచి మిల్లీసెకన్ల లెక్క.

    ప్రతి టాస్క్, ఒక చుట్టు అయ్యాక:
        చివరి_హాజరు[నా_నంబరు] = ఇప్పటి_టిక్

    సూపర్‌వైజర్, 250 మిల్లీసెకన్లకోసారి:
        ప్రతి టాస్క్‌కీ:
            (ఇప్పటి_టిక్ − చివరి_హాజరు) > గడువు అయితే:
                రిలే ఆఫ్
                టాస్క్ నంబరు బ్యాకప్ రిజిస్టర్‌లో (రీసెట్ అయినా చెరగని చోట) రాయి
                ఇక ఫీడ్ చేయకుండా రీసెట్ కోసం ఆగు
        అందరూ ఉంటే: ఫీడ్

ఎవరైనా ఒక్కసారి గైర్హాజరైతే నేను మళ్లీ క్షమించను, రీసెట్టే. "తర్వాత చుట్టులో వచ్చాడు కదా" అని వదిలేసేవాళ్లున్నారు. అలా వదిలేస్తే లోపం లాగ్‌లో పడదు, ఏడాదైనా దొరకదు.

సూపర్‌వైజర్ ప్రయారిటీ (సీపీయూ ముందు ఎవరికి దక్కాలన్నది) మీద వాదనలున్నాయి. అన్నిటికన్నా కింద పెడితే, పైనున్న టాస్క్ ఏదైనా సీపీయూని వదలకపోతే ఫీడ్ ఆగిపోతుంది, రీసెట్ అవుతుంది. మంచిదే, కానీ దోషి ఎవరో రాసే అవకాశం పోతుంది. నేను అన్నిటికన్నా పైన పెట్టి, అడుగున ఒక చిన్న టాస్క్ పెట్టి దానికీ హాజరు తప్పనిసరి చేస్తాను. పైవాడెవడైనా సీపీయూని మింగేస్తే ముందు గైర్హాజరయ్యేది ఆ అడుగువాడే.

క్యూలో మెసేజీ కోసం ఎదురుచూసే టాస్కులు అనంతంగా ఆగకూడదు. సెకనుకోసారి లేచి, మెసేజీ లేకపోయినా హాజరు వేసి, మళ్లీ ఎదురుచూడాలి.

టిక్కుల తీసివేత అన్‌సైన్డ్‌లోనే (మైనస్ లేని సంఖ్యల్లోనే) ఉంచండి. 32 బిట్ల మిల్లీసెకన్ల లెక్క 49.7 రోజులకు సున్నాకి తిరుగుతుంది, అన్‌సైన్డ్ అయితే ఆ రోజు కూడా తేడా సరిగ్గానే వస్తుంది. ఈఎస్‌పీ32 లాంటి రెండు కోర్ల చిప్‌లో ముందు చివరి_హాజరు చదివి, ఆ తర్వాత ఇప్పటి టిక్ చదవండి. తిరగేస్తే ఆ రెంటి మధ్యలో ఇంకో కోర్ హాజరు వేసినప్పుడు తేడా మైనస్‌లోకి పోయి కొండంత సంఖ్యగా కనిపిస్తుంది, ఉత్తపుణ్యానికి రీసెట్.

ఆర్‌టీఓఎస్ (టాస్కులకు సీపీయూని పంచే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) లేకుండా ఒకే లూపుతో నడిపేవాళ్లకి ఇంత అక్కర్లేదు. ఒక్కో ఫంక్షన్ తన బిట్ పెడుతుంది, లూపు చివర అన్ని బిట్లూ ఉంటే ఫీడ్ చేసి బిట్లు తుడిచేయాలి.

## 7. తరచూ చేసే తప్పులు, వాటి మందు

డ్రైవర్ లూపులో ఫీడ్. "జవాబు రాలేదు, ఈలోగా వాచ్‌డాగ్ కొడుతోంది" అని ఎదురుచూసే లూపులోనే ఫీడ్ పెట్టేస్తారు. ఆ లూపుకి కాలపరిమితి పెట్టండి, ఫీడ్ తీసేయండి.

పీడబ్ల్యూఎంతో బయటి చిప్‌కి ఫీడ్. ఇదీ ప్రాక్సీయే. సీపీయూ చచ్చినా హార్డ్‌వేర్ టైమర్ పల్సులు పంపుతూనే ఉంటుంది.

సెన్సార్ పాడైతే హాజరు ఆపడం. టెర్రస్ మీద కోతులు వైరు పీకితే రీసెట్ ఏం చేస్తుంది? బోర్డు రోజంతా రీసెట్ అవుతూనే ఉంటుంది. సెన్సార్ తప్పు రీడింగ్ ఇస్తే మోటరు ఆపి ఎర్రర్ చూపించాలి, టాస్క్ మాత్రం హాజరు వేస్తూనే ఉండాలి. వాచ్‌డాగ్ మందు వేసేది సాఫ్ట్‌వేర్ జబ్బుకి. మోడెమ్ నెట్‌వర్క్‌లో రిజిస్టర్ కాకపోయినా ఇదే సూత్రం: మోడెమ్ పవర్ ఆపి మళ్లీ ఇవ్వండి, బోర్డుది కాదు.

వోల్టేజీ పడిపోవడాన్ని వాచ్‌డాగ్ చూసుకుంటుందనుకోవడం. మోటరు స్టార్ట్ అయినప్పుడు లైట్లు డిమ్ అవుతాయి కదా, ఆ దెబ్బ మీ సప్లైకీ తగులుతుంది. దానికి బ్రౌన్‌అవుట్ రీసెట్ (వోల్టేజీ తగ్గితే చిప్‌ని రీసెట్ చేసేది) వేరే ఉంది, మీ చిప్‌లో ఆ సెట్టింగు ఉంటే అదీ ఆన్ చేయండి.

ఆర్డ్యూనోలో అంతులేని రీసెట్. ఏటీమెగా328పీలో వాచ్‌డాగ్ రీసెట్ తర్వాత కూడా వాచ్‌డాగ్ ఆన్‌లోనే, అతి తక్కువ గడువుతో, సుమారు 16 మిల్లీసెకన్లతో, ఉంటుంది. పాత బూట్‌లోడర్ (మన కోడ్ కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) అది ఆపేలోపే మళ్లీ రీసెట్. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న నానో బోర్డులో పాత బూట్‌లోడర్ ఉందేమో చూసుకోండి. ఉంటే ఆప్టిబూట్ అనే బూట్‌లోడర్ ఎక్కించండి.

ఈఎస్‌పీ32లో వాచ్‌డాగ్ మెసేజీ వస్తోందని దాన్నే ఆపేయడం. టాస్క్ వాచ్‌డాగ్ డీఫాల్ట్ గడువు 5 సెకన్లు, అది చూసేది ఐడిల్ టాస్క్‌కి (వేరే పని లేనప్పుడు నడిచేదానికి) సమయం దక్కుతోందా అని. మీ టాస్క్ ఎక్కడో ఊపిరి తీసుకోకుండా తిరుగుతోంది. అక్కడ ఒక టిక్ డిలే పెట్టండి. ఇంకోటి, ఐడీఎఫ్ (ఈఎస్‌పీ32 తయారీదారు ఇచ్చే సాఫ్ట్‌వేర్ కిట్) డీఫాల్ట్‌లో ఈ వాచ్‌డాగ్ మెసేజీ ప్రింట్ చేసి ఊరుకుంటుంది, రీసెట్ చేయదు. సైట్‌కి పంపే ముందు కాన్ఫిగ్‌లో పానిక్ ఆప్షన్ ఆన్ చేయండి.

రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లకి 6లో చెప్పిన హాజరు పద్ధతంతా రాయనక్కర్లేదు. సిస్టమ్‌డీలో (లినక్స్‌లో సర్వీసులు నడిపే ప్రోగ్రామ్‌లో) హార్డ్‌వేర్ వాచ్‌డాగ్‌కి ఒకటి, మీ సర్వీసుకి ఒకటి సెట్టింగులున్నాయి, రెండూ పెట్టండి. మొదటి దానికి 15 సెకన్లు మించి ఇవ్వకండి, రాస్ప్‌బెర్రీ పై హార్డ్‌వేర్ అంతకుమించి పెద్దగా మోయదు.

## 8. రీసెట్ మీద రీసెట్ పడితే

ఫ్లాష్‌లో సెట్టింగులు చెడిపోయాయనుకోండి. బోర్డు లేస్తుంది, చదువుతుంది, పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. ప్రతిసారీ మోటరు ఆన్ అయి ఆఫ్ అయితే కాంటాక్టర్ కాలిపోతుంది.

బ్యాకప్ రిజిస్టర్‌లో ఒక లెక్క ఉంచండి. వాచ్‌డాగ్ రీసెట్ అయిన ప్రతిసారీ ఒకటి పెంచండి, పది నిమిషాలు నిలకడగా నడిస్తే సున్నా చేయండి. ఇది వరుస రీసెట్ల లెక్క; మొత్తం రీసెట్ల లెక్క వేరేగా ఉంచండి, దాన్ని తుడవకండి. వరుస లెక్క 5 చేరితే సేఫ్ మోడ్: మోటరు ఆఫ్, బజర్, వీలైతే ఎస్‌ఎంఎస్, చేత్తో నడిపే స్విచ్చు తప్ప ఏదీ పనిచేయదు. చేత్తో నడిపే స్విచ్చు వైరింగ్ బోర్డుతో సంబంధం లేకుండా నేరుగా కాంటాక్టర్‌కి ఉండాలి. వాచ్‌మన్ అన్నకి పొద్దున అయిదింటికి కావలసింది అదే.

## 9. కావాలని చెడగొట్టి చూడండి

డీబగ్గర్ పెట్టినప్పుడు బ్రేక్‌పాయింట్ దగ్గర రీసెట్ కాకుండా డీబగ్ రిజిస్టర్‌లో ఐడబ్ల్యూడీజీ ఆపే బిట్ పెట్టుకుంటాం. కింది పరీక్షలన్నీ డీబగ్గర్ పీకేసి చేయాలి.

సీరియల్ పోర్టులో రహస్య కమాండ్లు పెట్టుకోండి, ఒక్కో టాస్క్‌నీ అనంతమైన లూపులో పడేసేవి. ఒక్కో దాన్నీ చంపి, సరైన టాస్క్ నంబరు లాగ్‌లో పడిందో లేదో చూడండి. తర్వాత ఇంటరప్ట్‌లన్నీ ఆపి లూపులో పడేయండి. ఈసారి సూపర్‌వైజర్‌కీ ఊపిరాడదు, లాగ్ ఉండదు, రీసెట్ మాత్రం కావాలి. రెండు టాస్కుల్ని రెండు మ్యూటెక్స్‌ల (ఒకేసారి ఒక్క టాస్క్‌కే దక్కే తాళాల) కోసం ఒకదానికొకటి అడ్డం నిలబెట్టండి. హార్డ్‌ఫాల్ట్ (చిప్ కోడ్‌ని ముందుకు నడపలేని తప్పు) తెప్పించండి. ఐ2సీ డేటా లైనుని వైరు ముక్కతో గ్రౌండ్‌కి కలిపి పట్టుకోండి. నా పాత కోడ్ ఈ ఒక్క పరీక్షలోనే దొరికిపోయేది.

ఆఖరిది కాంటాక్టర్ పరీక్ష. బోర్డు పక్కనే నిజమైన కాంటాక్టర్ పెట్టి, స్నబ్బర్ (నాయిస్‌ని అణచే భాగం) తీసేసి, రాత్రంతా ఆన్, ఆఫ్ చేయించండి. పొద్దున లేచి మొత్తం రీసెట్ల లెక్క చూడండి.

## 10. సైట్‌కి పంపే ముందు

- ఫీడ్ లైను మొత్తం కోడ్‌లో ఒక్కచోటే ఉందా? ఇంటరప్ట్‌లో లేదు కదా?
- వేగంగా పరుగెత్తే ఎల్‌ఎస్‌ఐకి లెక్క వేశారా?
- రీసెట్ బటన్ నొక్కి పట్టుకుంటే రిలే పడిపోతోందా?
- రీసెట్ కారణం చదివి, తుడిచి, ఎక్కడో రాస్తున్నారా?
- ఎదురుచూసే ప్రతి లూపుకీ కాలపరిమితి ఉందా?
- మోడెమ్, సెన్సార్ పవర్ మీ చేతిలో ఉందా?
- వరుసగా అయిదు రీసెట్లయితే సేఫ్ మోడ్‌లోకి వెళ్తోందా?
- రిలీజ్ బిల్డ్‌లో రహస్య కమాండ్లు తీసేశారా?

పెట్టిన మొదటి నెల వారానికోసారి మొత్తం రీసెట్ల లెక్క తెప్పించుకోండి. లెక్క సున్నా కాకపోతే "వాచ్‌డాగ్ కాపాడింది" అని ఊరుకోకండి. లాగ్‌లో ఉన్న టాస్క్ నంబరు పట్టుకుని అది ఎక్కడ ఆగిందో వెతకండి. నిజాంపేట బోర్డుకి కొత్త కోడ్ వేశాక మూడో వారంలో డిస్‌ప్లే టాస్క్ నంబరు వచ్చింది. తీరా చూస్తే డిస్‌ప్లే కేబుల్ కాంటాక్టర్ వైర్లతో కలిపి కట్టేసి ఉంది.